అద్దానికి అంటుకున్న ఫొటోను పీకకండి: స్కానింగ్‌పై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నాది చిన్న స్కానింగ్ షాపు. ఇంట్లో స్కానర్ ఉన్నవాళ్లు కూడా పని చెడ్డాక నా దగ్గరికొస్తారు. రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: డీపీఐ ఎంత పెంచితే ఫొటో అంత బాగుంటుంది.

డీపీఐ అంటే స్కానర్ ఒక్కో అంగుళానికి తీసే చుక్కల లెక్క. 4x6 అంగుళాల ఫొటోను 600 డీపీఐలో తీస్తే 2400x3600 పిక్సెల్స్ వస్తాయి. 8x12 సైజులో ప్రింటు వేసుకున్నా సరిపోతుంది. 1200 పెడితే పిక్సెల్స్ నాలుగు రెట్లవుతాయి, అంతే. కాగితం మీద లేని వివరాన్ని మిషను ఎక్కడి నుంచి తెస్తుంది? కాగితాలకైతే 300 చాలు. నెగటివ్ సంగతి వేరు. 24x36 మిల్లీమీటర్ల ముక్క కాబట్టి 2400 దాకా వెళ్లాలి, పైగా మూతలో లైటు ఉన్న స్కానర్ కావాలి.

అపోహ: ఫ్రేములోంచి తీస్తేగానీ స్కాన్ కుదరదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటాక, తడిసిన ఫొటోలు చాలా వచ్చాయి. మందస నుంచి ఒకావిడ పెళ్లి ఫొటో తెచ్చింది. "ఇదొక్కటే మిగిలిపోనాది బాబూ" అంది. తడికి ఫొటో మీది జిగురుపొర ఫ్రేము అద్దానికి పట్టేసింది. నేను తెలివిగా ఒక మూల లేపాను. పెళ్లికొడుకు భుజం అద్దం మీదే ఉండిపోయింది, నా చేతిలోకి తెల్ల కాగితం వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. అదే ఇంకా బాధ.

అప్పటి నుంచి అలాంటివి అద్దంతో పాటే స్కానర్ మీద బోర్లిస్తున్నా. కాకపోతే ప్రింటర్‌తో కలిసి వచ్చే స్కానర్లలో చాలావరకు గాజుకు ఆనిన దాన్నే స్పష్టంగా తీస్తాయి, మధ్యలో ఫ్రేము అద్దం ఉంటే మసకగా వస్తుంది. దీనికి లోపల లెన్సు ఉండే, మందంగా కనిపించే పాత సీసీడీ రకం స్కానరే నయం. అదీ లేకపోతే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, అద్దంలో మన నీడ పడకుండా ఫోనుతో తీయండి.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి గ్రే మోడ్ పెట్టాలి.

కలర్‌లోనే తీయండి. పసుపు మరక కలర్ ఫైలులో విడిగా దొరుకుతుంది, తర్వాత తగ్గించుకోవచ్చు. గ్రేలో అది ముఖంలో కలిసిపోతుంది.

అపోహ: స్కాన్ అయిపోయింది, ఇక దస్తావేజు దాచక్కర్లేదు.

బ్యాంకులో లోనుకు వెళ్తే ఒరిజినలే అడుగుతారు. లామినేషన్ కూడా వద్దు. మెరుపు వల్ల స్కాన్ చెడుతుంది, మళ్లీ విప్పబోతే కాగితం చిరుగుతుంది.

అపోహ: ప్రతి పేజీలో నిలువు గీత వస్తోందంటే స్కానర్ పోయినట్టే.

పైనుంచి పేజీలు లాక్కునే మిషనైతే, పెద్ద గాజు పక్కనే సన్నటి గాజుపట్టీ ఉంటుంది. దాని మీద చిన్న మరక ఉన్నా పేజీ పొడవునా గీత పడుతుంది. స్ప్రేను గుడ్డ మీద కొట్టి తుడవండి, నేరుగా గాజు మీద కొడితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. మొన్న ఒకాయన కొత్త స్కానర్ కొనడానికే సిద్ధమై వచ్చాడు. ఆయన పట్టీ మీద ఉన్నది ఎండిపోయిన వైట్‌నర్ చుక్క.