దారం కొస ఎవరి చేతిలో ఉంది?

"మా బాబుకి ఆరేళ్ళు. మూడు నెలల కిందట మా కళ్ళ ముందే రోడ్డు మీద ఒక కారు బైకుని గుద్దేసింది. అప్పట్నుంచి రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. రోడ్డు దాటాలంటే ఏడుపు. అత్తయ్యగారు జడుసుకున్నాడని తాయెత్తు కట్టించారు. చివరికి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాం. నాలుగు వారాలుగా ఆవిడ గదిలో కారు బొమ్మతో బైకు బొమ్మని గుద్దించడమే వీడి పని. ఆవిడ పక్కన కూర్చుని చూస్తుంటారు. ఆ ఆటేదో ఇంట్లో ఆడుకోలేడా? దీనికి ఫీజెందుకండీ?"

ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. ఆ కౌన్సెలర్ చేస్తున్నదాన్ని ప్లే థెరపీ అంటారు, అంటే ఆటతో చికిత్స. ఫీజు సంగతి చివర్లో చూద్దాం. ముందు తాయెత్తు గురించి ఒక్క మాట. దానితో భయం పోతుందని నేను నమ్మను. కానీ 'జడుసుకున్నాడు' అన్న మాట నాకు ఇష్టం. వీడిది మొండితనమనో దొంగవేషాలనో అనకుండా, ఎప్పుడో పడిన భయం లోపలే ఉండిపోయిందని మన ముసలమ్మలు పట్టుకున్నారు. మందు దగ్గరే తప్పారు.

ఆరేళ్ళవాణ్ణి కూర్చోబెట్టి "ఏం జరిగింది నాన్నా, ఎందుకు భయం?" అంటే "ఏమో" అంటాడు. అది అబద్ధం కాదు. వాడి దగ్గర దానికి మాటలు లేవు. బొమ్మలున్నాయి.

దీన్ని బాగా గమనించినవాడు మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన సిద్ధాంతాల్లో సగం నాకు మింగుడుపడవు గానీ, 1920లో రాసిన ఒక చిన్న విషయం దగ్గర మాత్రం ఆగిపోతాను. ఆయన గమనించినప్పుడు మనవడికి ఏడాదిన్నర. అమ్మ బయటికి వెళితే ఏడ్చేవాడు కాదు. కానీ ఒక చెక్క కండెకి దారం కట్టి, పరదా ఉన్న మంచంలోకి విసిరేవాడు. కండె కనపడకుండా పోగానే 'ఓ...' అని సాగదీసేవాడు. జర్మన్‌లో 'పోయింది' అనడానికి వాడికొచ్చిన మాట అది. తర్వాత దారం పట్టి లాగి, 'డా' అనేవాడు. అంటే 'ఇదిగో'.

ఇది దోబూచే కదా అంటారు. కాదు, చిన్న తేడా ఉంది. మన దోబూచిలో దాక్కునేదీ కనిపించేదీ అమ్మే, బిడ్డ చూస్తాడు. కండె ఆటలో పంపించేదీ రప్పించేదీ బిడ్డే. నిజం అమ్మకి దారం లేదు, ఆవిడ వెళ్ళాలనుకుంటే వెళ్ళిపోతుంది. కండె మాత్రం వీడు వదిలితేనే పోతుంది. ఇంకో విచిత్రం ఉంది. చాలాసార్లు వాడు మొదటి సగమే ఆడేవాడట, విసరడం, విసరడం. వెనక్కి రప్పించడంలో సంతోషముందంటే సరే, పోగొట్టుకోవడంలో ఏముంది? ఈసారి పోగొడుతున్నది తాను.

ఈ దారం కొస పట్టుకుని మీ ఇంట్లోకి రండి. సూది వేయించుకుని వచ్చిన పాప సాయంత్రానికి ఏం చేస్తుంది? బొమ్మకి సూది వేస్తుంది. "ఏడవకు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని డాక్టరమ్మ గొంతుతోనే చెబుతుంది. వీలైతే తమ్ముడికీ వేస్తుంది. పొద్దున ఆసుపత్రిలో రెక్క పట్టుకున్నది వేరేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడ గుచ్చాలో, ఎన్ని గుచ్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది తను. మీ బాబు సంగతీ ఇంతే. ఆ రోజు కారుని ఎవరూ ఆపలేకపోయారు. కౌన్సెలర్ గదిలో కారు వాడి అరచేతిలో ఉంది. ఎంత వేగంగా పోవాలో, గుద్దాలో, అంగుళం దూరంలో ఆగాలో వాడిష్టం.

"మరి నాలుగు వారాలా?" అంటారు కదా. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్, ఆవిడ సహచరి డొరొతీ బర్లింగ్‌హామ్ లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల వసతి గృహాలు నడిపారు. అక్కడ నాలుగేళ్ళ పిల్లాడొకడు, వాళ్ళ నాన్న వైమానిక దాడిలో చనిపోయాడు. వాడు ఒప్పుకోడు. కాగితం ఇళ్ళు కట్టి గోళీలతో బాంబులేసేవాడు. ప్రతిసారీ అందరూ బతికేవాళ్ళు, ఇళ్ళు మళ్ళీ లేచేవి. రోజూ అదే ఆట. ఆర్నెల్ల తర్వాత నాన్న ఇక రాడని వాడి నోటివెంట వచ్చింది. అప్పుడు ఆట ఆగింది.

కానీ ఆట దానంతటదే అందరినీ బాగుచేయదు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలున్న స్కూలు బస్సుని దుండగులు ఎత్తుకెళ్ళారు. డ్రైవరుతో సహా పిల్లల్ని ఒక క్వారీలో, భూమిలో పాతిపెట్టిన లారీ పెట్టెలో ఉంచారు. దాదాపు 16 గంటల తర్వాత వాళ్ళే తవ్వుకుని బయటపడ్డారు. ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్ ఒక సంగతి గమనించారు. వాళ్ళు ఎత్తుకెళ్ళే ఆట ఆడుతున్నారు గానీ ఆ ఆటలో నవ్వు లేదు. అదే కథ, అదే ముగింపు. ఆడాక టెన్షన్ తగ్గకపోగా పెరుగుతోంది. గీత పడ్డ రికార్డు తిరిగినట్టు. దారం వాళ్ళ చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి దారమే వాళ్ళని లాగుతోంది.

ఎందుకిలా? దీనికి ఎలుకల దగ్గర ఒక చిన్న సూచన దొరుకుతుంది. 2000లో న్యూయార్క్‌లో కరీమ్ నాదర్, గ్లెన్ షాఫె, జోసెఫ్ లెడూ చేసిన ప్రయోగమిది. ఒక శబ్దం వినిపించి ఎలుక పాదాలకు షాకిస్తే, తర్వాత శబ్దం ఒక్కటే విన్నా అది బిగుసుకుపోతుంది. ఆ శబ్దాన్ని మళ్ళీ వినిపించిన వెంటనే మెదడులో భయం జ్ఞాపకాలకు కీలకమైన అమిగ్డలా అనే భాగంలో ప్రొటీన్ల తయారీని ఆపే మందు వేశారు. భయం జ్ఞాపకం చెదిరిపోయింది. శబ్దం వినిపించకుండా మందు వేస్తే ఏమీ కాలేదు. అంటే గుర్తుకొచ్చిన జ్ఞాపకం కాసేపు పచ్చి కుండలా మెత్తబడుతుంది, మళ్ళీ గట్టిపడడానికి కొత్త ప్రొటీన్లు కావాలి. తర్వాతి పరిశోధనల్లో ఇంకొకటి బయటపడింది. గుర్తుకొచ్చిన ప్రతిసారీ మెత్తబడదు, అనుకున్నదానికి భిన్నంగా ఏదో ఒకటి జరగాలి. పిల్లల ఆటకు దీన్ని ముడిపెట్టడం నాకు నచ్చిన పోలిక, అంతే. అక్కడ నిరూపణ జరగలేదు. అయినా కాగితం ఇళ్ళనీ చౌచిల్లా బస్సునీ పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం ఇళ్ళ ఆటలో ముగింపు నిజంగా జరిగినదానికి భిన్నం, అందరూ బతికారు. బస్సు ఆటలో ముగింపు మారనేలేదు.

ఇక ఫీజు సంగతి. ఆ గదిలో బొమ్మల్ని ఊరికే పెట్టరు. అలమర చూస్తే సంక్రాంతి బొమ్మల కొలువులా ఉంటుంది: మనుషులు, జంతువులు, ఇళ్ళు, బండ్లు, డాక్టర్ సెట్టు, ఇసుక. కొలువులో ముట్టుకుంటే అరుస్తాం, ఇక్కడ పడగొట్టినా ఎవరూ ఏమీ అనరు. బ్యాటరీతో పాటలు పాడే బొమ్మలుండవు, వాటికి కథ ముందే ఉంటుంది. 1940ల్లో అమెరికాలో సైకాలజిస్టు వర్జీనియా ఆక్స్‌లైన్ ఈ పద్ధతికి నియమాలు ఏర్పరిచారు. ముందు నడవకూడదు, పిల్లాడి వెనకే నడవాలి. "ఇలా కాదు, ఇలా ఆడు" అనకూడదు. "కారు మళ్ళీ వచ్చేసింది, ఎవరూ ఆపలేకపోయారు" అని చూసింది చెప్పాలి. హద్దులు మాత్రం ఉంటాయి: బొమ్మని కొట్టొచ్చు, నన్ను కొట్టకూడదు. చేసి చూడండి, పది నిమిషాల్లో మన నోట్లోంచి పాఠం ఊడిపడుతుంది. లెక్కలకని ఆటల పీరియడ్ లాక్కునే జాతి కదా మనది.

పనిచేస్తుందా? 2005లో ప్లే థెరపీ మీద జరిగిన 93 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే మంచి ఫలితమే కనిపించింది. వాటిలో చాలా చిన్నవి, కాబట్టి ఆ ఫలితాన్ని కొంచెం తగ్గించుకునే చదవాలి. తల్లిదండ్రులకే శిక్షణనిచ్చి ఆడించినప్పుడు ఫలితం ఇంకా మెరుగ్గా ఉంది.

ఆ పాఠకురాలికి ఇదంతా రాసి, ఆటలో ఏదైనా మారుతోందేమో కౌన్సెలర్‌ని అడగమన్నాను. బాబుని అడగొద్దన్నాను. రెండు వారాల తర్వాత జవాబొచ్చింది. ఈసారి 108 బండి కూడా బయల్దేరిందట. మధ్యలో పెట్రోలు అయిపోయి ఆగిపోయిందట. వాడే దిగి తోస్తున్నాడట.