తెర మీద చరిత్ర, నోటుపుస్తకంలో వాక్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ వీధిలో తమిళం వింటూ పెరిగే పిల్లలకు మూడు, నాలుగు తరగతుల్లో తెలుగూ, సాంఘిక శాస్త్రమూ చెబుతున్నాను. తరగతి గదిలోకి స్మార్ట్ బోర్డు వచ్చినప్పటి నుంచి తోటి ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్నలు కొన్ని మళ్ళీ మళ్ళీ ఒకేలా ఉంటున్నాయి. వాటి వెనుక ఉన్న నమ్మకాలలో కొన్ని ఒకప్పుడు నాకూ ఉండేవి కనుక, వాటిని తప్పుపట్టడంలో నా తప్పులు కూడా బయటపడతాయి.

అపోహ: వీడియో చూపిస్తే చరిత్ర పిల్లల మనసుకు హత్తుకుంటుంది.

1639లో అప్పటి స్థానిక పాలకులైన దామర్ల నాయకుల నుంచి ఈస్టిండియా కంపెనీ వారు సముద్రతీరాన కొంత నేల పొంది కోట కట్టుకున్న సంగతిని మొదటిసారి వీడియోతో చెప్పాను. దామర్ల చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నమన్న పేరు వచ్చిందని చెబుతారు కాబట్టి, మన పిల్లలకు అది దగ్గరి కథ అవుతుందని ఆశపడ్డాను. వీడియో ముగిశాక కోట గురించి రెండు వాక్యాలు రాయమంటే ఒక పిల్లవాడు "కోటలో పాట వచ్చింది" అని రాశాడు. వాడు రాసినది అబద్ధం కాదు, వీడియో పొడుగునా వెనక సంగీతం మోగుతూనే ఉంది. బొమ్మ వెంట బొమ్మ పరుగెత్తుతుంటే పిల్లలు చూస్తారు, ఆనందిస్తారు. కానీ వాక్యం కట్టుకోవడానికి కావలసిన నిలకడ వారికి దొరకదు.

ఇప్పుడు నేను ఎక్కువగా కదలని బొమ్మనే వాడుతున్నాను. బోర్డులో బొమ్మ మొత్తాన్ని కప్పి, కొంచెం కొంచెంగా తెరిచే సదుపాయం ఉంటుంది. రాయపురం రైల్వే స్టేషన్ ఫోటోను అలా కప్పి, ముందు స్తంభాలను మాత్రమే తెరిచాను. "స్తంభాలు ఉన్నాయి" అన్నారు. అవి దేనివని అడిగితే సగం మంది గుడి అన్నారు, ఇద్దరు రాజుగారి ఇల్లన్నారు. మరికొంత తెరిస్తే పట్టాలు కనిపించాయి, తరగతంతా ఒక్కసారిగా గోల చేసింది. అప్పుడు తాము మొదట ఏమనుకున్నారో, తరువాత దేనిని చూసి మనసు మార్చుకున్నారో ఒకే వాక్యంలో చెప్పమన్నాను. "నేను ముందు గుడి అనుకున్నాను, కానీ పట్టాలు చూశాక స్టేషన్ అని తెలిసింది" అని ఒక అమ్మాయి చెప్పింది. ఆధారాన్ని చూసి అభిప్రాయం మార్చుకోవడం చరిత్రలో పని, 'కానీ', 'చూశాక' అనే మాటలతో రెండు విషయాలను ముడివేయడం వాక్యరచనలో పని. ఆ రెండూ ఆ అమ్మాయి నోట ఒకేసారి జరిగాయి. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న ఇక్కడి నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరిందని ఆ తరువాతే చెప్పాను. అప్పటికి వారికి అది వినాలనే కోరిక పుట్టి ఉంది.

అపోహ: తెర మీద కాలరేఖ గీస్తే పిల్లలకు కాలం అర్థమవుతుంది.

కోటకు నేల పొందిన 1639, మొదటి రైలు నడిచిన 1856, కింద చెప్పబోయే ఎమ్డెన్ దాడి జరిగిన 1914 ఒకే తెరలో ఇమిడిపోవడం వల్ల పిల్లలకు అవన్నీ పక్కపక్కనే జరిగినట్లు కనిపిస్తాయి. అందుకే నేను వరండాలో తాడు కడతాను. పదేళ్ళకు ఒక జాన చొప్పున కొలిస్తే 1639 నుంచి నేటికి దాదాపు 39 జానలు అవుతుంది, అంటే ఎనిమిది మీటర్లు దాటుతుంది. తమ పుట్టుక తాడు చివర ఒక జాన కూడా నిండని చోట ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. తాడు కట్టాక దాని ఫోటో తీసి బోర్డు మీద పెడితే, అప్పుడు బోర్డు పనికి వస్తుంది.

అపోహ: పిల్లవాడు చెప్పినదాన్ని ఫోనే రాసిపెడుతుంది కాబట్టి వాక్యరచన తేలికవుతుంది.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఇక్కడే.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు పేల్చి వెళ్ళిపోయింది. గడుసువాడిని 'ఎమ్డెన్' అనడం తమిళంలో నేటికీ ఉంది కనుక పిల్లలు ఆ మాటను అంతకుముందే విని ఉంటారు. ఈ పాఠం రాయమంటే ఒక పిల్లవాడు "కుండు పడింది" అని రాశాడు. తమిళ లిపిలో క, గ ధ్వనులకు ఒకటే అక్షరం. అక్కడ ఆ మాటను 'కు'తో రాసి 'గు'గా చదువుతారు. వాడు తమిళంలో సరిగ్గానే నేర్చుకున్న పద్ధతిని తెలుగులోకి తెచ్చాడు. అదే కథను ఫోనుకు చెబితే, ఫోను ఊహించి 'గుండు' అని సరిగ్గా రాసేస్తుంది. తప్పు కనిపించదు, దిద్దే అవకాశం నాకూ ఉండదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేయించినా ఇలాగే జరుగుతుంది: 'న'కూ 'ణ'కూ, 'ల'కూ 'ళ'కూ తేడాను పిల్లవాడు కాక కీబోర్డు నిర్ణయిస్తుంది.

ఫోనుతో నేను చేయించే పని రాయించడం కాదు, రికార్డు చేయించడం. పిల్లవాడు కథ చెబుతాడు, రికార్డు చేస్తాం, తరగతికి వినిపిస్తాం. "ఎమ్డెన్ వచ్చింది. అప్పుడు గుండ్లు పేల్చింది. అప్పుడు వెళ్ళిపోయింది." వింటున్నవారు 'అప్పుడు' ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెడతారు. తన గొంతు తానే వినేసరికి చెప్పినవాడికి కూడా నవ్వు వస్తుంది. తరువాత ఆ మూడింటినీ ఒకే వాక్యంగా కలపమంటాను: "ఎమ్డెన్ రాత్రిపూట వచ్చి, గుండ్లు పేల్చి, వెళ్ళిపోయింది." తెలుగులో ఉన్న ఈ 'వచ్చి', 'పేల్చి' రూపాలు చరిత్ర చెప్పడానికే పుట్టాయా అనిపిస్తుంది నాకు, ఏది ముందు, ఏది వెనుక అన్నది వాటిలోనే ఉంది.

అయితే తరువాత వచ్చే చిక్కును కూడా దాటించాలి. "ఎమ్డెన్ గుండ్లు పేల్చి నూనె ట్యాంకులు కాలిపోయాయి" అని ఒకరు తప్పక రాస్తారు. పేల్చింది ఓడ, కాలింది ట్యాంకులు. కర్త మారింది కాబట్టి 'పేల్చి' అక్కడ నిలబడదు. "పేల్చడంతో ట్యాంకులు కాలిపోయాయి" అని మార్చాలి. వ్యాకరణం పేరెత్తకుండా, బోర్డు మీద ఓడను నీలంతోనూ, ట్యాంకులను ఎరుపుతోనూ చుట్టి, పని చేసింది ఎవరో, దాని ఫలితం ఎవరికి తగిలిందో అడిగితే పిల్లలు తామే సరిదిద్దుకుంటారు. 'పేల్చి'కి బదులు 'పేల్చడంతో' అని రాసిన క్షణాన పిల్లవాడు వరుసను దాటి కారణంలోకి అడుగుపెట్టినట్లు.

అపోహ: ఫోటో దొరకకపోతే కృత్రిమ మేధతో బొమ్మ చేయించుకోవచ్చు.

చేయించుకోకూడదు. 1914 మద్రాసు తీరమని మీరు చూపిన కల్పిత చిత్రాన్ని ఎనిమిదేళ్ళ పిల్లలు చూసిన సాక్ష్యంగానే గుర్తుపెట్టుకుంటారు. పాత ఫోటో లేకపోతే హైకోర్టు ప్రహరీ మీద ఆ దాడిని గుర్తుచేసే ఫలకం ఉంది, దాని ఫోటో తీసి చూపండి.

అపోహ: ఇదంతా డబ్బున్న బడులకే.

ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు, గోడకు కట్టిన తెల్లపంచె ఉంటే పైన చెప్పిన పనుల్లో చాలావరకు జరుగుతాయి. ప్రొజెక్టరు అరువు తెచ్చుకోవచ్చు. మా స్మార్ట్ బోర్డు రెండు నెలలు చెడిపోయి ఉన్నప్పుడు వాక్యాలేమీ పాడవలేదు.

అపోహ: తెర ఉన్నాక ప్రతి పాఠానికీ తెర వాడాలి.

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15న ఈ ఊళ్ళోనే, మైలాపూరులో ప్రాణం విడిచారు. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఈ పాఠానికి నేను బోర్డు ఆపేస్తాను. దీక్ష సాగిన 58 రోజులకు నోటుపుస్తకంలో 58 గీతలు గీయమంటాను, రోజుకు ఒకటి, హడావిడి లేకుండా. ముప్పై దాటేసరికి కదలికలు మొదలవుతాయి, చేతులు విదిలించుకుంటారు, ఒకరి పుస్తకంలోకి ఒకరు చూస్తారు. పూర్తయ్యాక ఒకే ఒక్క వాక్యం రాయాలి, విషయం వారి ఇష్టం. నిరుడు మూడో తరగతి అమ్మాయి ఒకతె రాసింది: "గీతలు గీస్తేనే నాకు చెయ్యి నొపి పుట్టింది, ఆయన అన్ని రోజులు తినకుండా ఎలా ఉన్నారు?" ఆ 'నొప్పి'కి రావలసిన పవొత్తును మరునాడు దిద్దాను.