అదే పదివేలు

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్లో మీరడిగిన దానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. "ఉన్నదానితో తృప్తిపడితే ఇంక కష్టపడటం ఎందుకు తాతయ్యా?" అన్నారు. మంచి ప్రశ్న. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మనం "అదే పదివేలు" అంటుంటాం కదా. చేతికొచ్చింది పదివేలు కాదని మనకూ తెలుసు, అయినా అంటాం. పోతన భాగవతంలో వామనుడు కూడా ఈ మాటే అంటాడు. ఏం కావాలో కోరుకోమని బలిచక్రవర్తి అడిగాడు. బట్టలా, బంగారు మాడలా, ఆవులా, గుర్రాలా? ఆ చిన్న బ్రహ్మచారి మాత్రం ఒంటివాణ్ని, ఒకటి రెండడుగుల నేల చాలన్నాడు. ఇచ్చేవాడి స్థాయి చూసి అడగొద్దా అని బలి నొచ్చుకున్నాడు. దానికి వామనుడి జవాబు ఇది: దొరికింది లేశమైనా పదివేలనుకోలేనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా చాలవు. ఆశాపాశం చాలా పొడుగు, దానికి అంతం లేదు.

(ఇంత చెప్పినవాడే ఆ తర్వాత రెండడుగుల్లో లోకాలన్నీ కొలిచేశాడు! ఆ చోటికొస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.)

భర్తృహరి ఇంకాస్త సూటిగా అన్నాడు. ఆశ పెద్దదైనవాడే దరిద్రుడు, మనసు నిండాక ధనికుడెవడు, పేదెవడు అని. తృప్తే పరమ ధనమని బౌద్ధుల ధమ్మపదం అంటుంది. ధనికుడెవరంటే తన పాలికి వచ్చినదానితో సంతోషించేవాడని యూదుల పెద్దలు చెప్పారు. ఆస్తులు ఎక్కువుండటం కాదు, మనసు నిండుగా ఉండటమే కలిమి అని మహమ్మద్ ప్రవక్త మాట.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. పతంజలి యోగసూత్రాల్లో సంతోషాన్ని, అంటే ఈ తృప్తినే, శుచి, తపస్సులతో పాటు నియమాల్లో చేర్చాడు. అంటే అది దానంతటదే వచ్చేది కాదు, రోజూ సాధన చేయాల్సింది. యేసు బోధలు ప్రచారం చేసిన పౌలు కూడా ఖైదులో ఉండి రాసిన ఉత్తరంలో, ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండటం "నేర్చుకొని యున్నాను" అంటాడు. అంత పెద్దమనిషికే నేర్చుకోవాల్సి వచ్చిందంటే, పక్కవాడి కొత్త ఫోన్ చూసి మీకు మనసు లాగడంలో వింతేముంది? నాకూ లాగుతుంది.

ఇక మీ ప్రశ్న. పాత నీతిశ్లోకం ఒకటి ఉంది. తిండి, డబ్బు లాంటి వాటిలో తృప్తి ఉండాలిట. చదువులో, జపంలో, దానంలో మాత్రం ఉండకూడదుట. కాబట్టి లెక్కల్లో వచ్చిన మార్కులకు "అదే పదివేలు" అని నా పేరు చెప్పి తప్పించుకోకండి.

ఇంకోమాట. ఈ తృప్తి పాఠం ఎవరికి వారు చెప్పుకోవాల్సింది. ఆకలితో ఉన్నవాడి ముందు నిలబడి చెప్పేది కాదు. అలా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాడికి ముందు అన్నం పెట్టాలి.

వామనుడి గురించే ఎక్కువ రాసినట్టున్నాను. నా చేతిరాత అర్థం కాకపోతే ఫోన్ చేయండి, చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య