స్లాటుతో వచ్చిన కుదుపు

కరెంటు ఇవ్వని బ్రష్‌లెస్ మోటారు షాఫ్టును వేళ్లతో నెమ్మదిగా తిప్పి చూడండి. కాస్త దూరానికోసారి ఏదో పట్టి లాగి వదిలినట్టు తగులుతుంది. రోటరు (తిరిగే భాగం) అయస్కాంతాలు స్టేటరు (కదలని భాగం) ఇనుప పళ్లను లాగడమే దీనికి కారణం. దీన్నే కాగింగ్ అంటారు. వేగంగా తిరిగే పంపులో దీని జాడ తెలియదు. కారు స్టీరింగుకు సాయపడే మోటారులో మాత్రం నేరుగా డ్రైవరు చేతికే తగులుతుంది.

మొదట్లో ఈ బాధ లేదు. 1871లో బెల్జియం ఆవిష్కర్త గ్రామ్ పారిస్‌లో చూపిన ఆర్మేచర్‌లో (తీగ చుట్టిన, తిరిగే భాగం) రాగి తీగను ఇనుప వలయం మీదే చుట్టారు. పళ్లు లేవు కాబట్టి పట్టూ లేదు. కానీ తిప్పే బలమంతా తీగల మీదే పడి అవి జరిగేవి, ఇన్సులేషన్ ఒరుసుకుపోయేది. పైగా తీగ మందం కూడా గాలి ఖాళీలో కలిసి, అయస్కాంత క్షేత్రం బలహీనపడేది. తీగను పళ్ల మధ్య గాడిలోకి, అంటే స్లాటులోకి, దించితే ఈ రెండూ తీరాయి, కుదుపు మొదలైంది. ఇటలీ శాస్త్రవేత్త పచ్చినోట్టి 1860లోనే పళ్లున్న వలయం చేశాడు గాని పరిశ్రమ ఆ దారికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

రోటరులో అయస్కాంతాలు లేని ఇండక్షన్ మోటారుకు చవకైన మందు దొరికింది. అల్యూమినియం పోత రోటరును గమనిస్తే కడ్డీలు ఏటవాలుగా ఉంటాయి. స్టాంపింగులను (కోసిన ఇనుప రేకులను) కాస్త మెలితిప్పి పేర్చి పోత పోస్తే చాలు, అదనపు ఖర్చు దాదాపు ఉండదు. అయస్కాంతాన్ని అలా మెలితిప్పలేం. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు రావడంతో చిక్కు ముదిరింది, ఎందుకంటే కాగింగ్ ఫ్లక్సు సాంద్రత (అయస్కాంత క్షేత్ర బలం) వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది.

అప్పుడు డిజైనర్లు బడి లెక్కను ఆశ్రయించారు. స్లాట్లు, పోళ్ల (రోటరు అయస్కాంత ధ్రువాల) క.సా.గు. ఎంతో, ఒక చుట్టులో కుదుపులు అన్ని. 12 స్లాట్లు, 8 పోళ్లయితే 24. అదే 10 పోళ్లయితే 60. సంఖ్య పెరిగితే ఒక్కో కుదుపు బలం తగ్గుతుంది. 9 స్లాట్లు, 8 పోళ్లకు 72 వస్తుంది గాని వాటి గ.సా.భా. 1 కావడంతో రోటరును ఒక పక్కకు లాగే బలం పుట్టి, బేరింగు మోత పెడుతుంది. అందుకే 12 స్లాట్లు, 10 పోళ్ల జోడీకి (12/10) అంత ఆదరణ.

పంటి ముఖం మీద చిన్న గాడులు తీయడం ఇంకో ఉపాయం. 12/8లో పంటికి ఒక్క గాడి తీస్తే స్లాట్లు 24 అయినట్టే గాని క.సా.గు. మాత్రం 24 దగ్గరే ఆగుతుంది. రెండు తీస్తే 72కు చేరుతుంది. ఒక్కటి తీసి లాభం లేదని వాపోయేవారు ఈ లెక్క వేయనివారే.

ఏటవాలు విషయానికొస్తే, ఒక కుదుపు వెడల్పు చాలు: 12/10కి 6 డిగ్రీలు, టార్కు నష్టం సుమారు 1 శాతం. 12/8కి 15 డిగ్రీలు కావాలి, నష్టం 4.5 శాతం. అయస్కాంతాన్ని మెలితిప్పలేం కాబట్టి ఆచరణలో రోటరును మూడు ముక్కలు చేసి, 12/10లో ఒక్కోదాన్ని 2 డిగ్రీలు జరిపి బిగిస్తారు.

ఇక తయారీ. స్లాటు నోరు సన్నగా ఉంటే కాగింగ్ తగ్గుతుంది, కానీ వైండింగు సూది దూరదు. 1990లలో మిత్సుబిషి ఎలక్ట్రిక్ స్టేటరు ఇనుప కోరును సన్నని కీళ్లతో కలిపిన పళ్ల వరుసగా చేసి, తెరిచి ఉంచి చుట్టి, తర్వాత గుండ్రంగా మూసే పద్ధతి తెచ్చింది. స్లాటులో రాగి ఎక్కువ పట్టింది. అయితే కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ మిగిలినా, గుండ్రం తప్పినా కొత్త కుదుపు వస్తుంది.

12/10 అందం పళ్లన్నీ, అయస్కాంతాలన్నీ ఒకేలా ఉన్నంతవరకే. కాబట్టి కాగింగ్ కొలిచేటప్పుడు చుట్టుకు 60 కాక 12 శిఖరాలు కనబడితే రోటరును చూడాలి: ఒక అయస్కాంతం బలహీనమో, అతికించేటప్పుడు పక్కకు జరిగిందో, చుట్టుకు 12 పళ్లనూ దాటుతూ 12 సార్లు తేడా చూపుతుంది. 10 కనబడితే తప్పు స్టేటరుది, ఒక్కో పంటి ముందు నుంచి చుట్టుకు 10 పోళ్లు వెళ్తాయి కాబట్టి.