సైబర్ లా చదువు: కేసు ముందొచ్చింది, క్లాసు తర్వాత

శ్రీకాకుళం కోర్టులో జూనియర్లు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "సార్, సైబర్ లాలో ఎల్‌ఎల్‌ఎం చేస్తే మన దగ్గర పనికొస్తుందా?" పదిహేనేళ్ల కిందట ఎవరైనా ఇలా అడిగితే సీనియర్లు నవ్వి ఊరుకునేవాళ్లు. భూమి తగాదా, మనోవర్తి, చెక్ బౌన్స్, మోటారు ప్రమాదం... వీటితోనే ఈ జిల్లాలో ప్లీడరు జీవితం గడిచిపోయేది. ఇప్పుడు నవ్వడానికి లేదు. ఓటీపీ చెప్పి పింఛను డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరు, ఫేక్ అకౌంటు వేధింపులతో నలిగిపోతున్న డిగ్రీ అమ్మాయి, వీళ్లంతా ప్లీడరు గుమ్మం ముందుకే వస్తున్నారు.

వాళ్లు వచ్చినంత త్వరగా ఈ సబ్జెక్టు మాత్రం మన కాలేజీలకు రాలేదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా. దానికంటూ చట్టం వచ్చేసరికి ఐదేళ్లు పట్టింది. సమాచార సాంకేతిక చట్టం, అంటే ఐటీ చట్టం, 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అది నేరాలను చూసి పుట్టిన చట్టం కాదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1996లో ఈ-కామర్స్ కోసం తయారుచేసిన నమూనా చట్టమే దానికి మూలం. డిజిటల్ సంతకం చెల్లుతుందా, ఈమెయిల్లో కుదిరిన ఒప్పందం ఒప్పందమేనా, ఇవీ అప్పటి బెంగలు. పైగా వీలునామా, పవరాఫ్ అటార్నీ, స్థిరాస్తి అమ్మకం దాని పరిధిలోకి రావని మొదటి సెక్షన్‌లోనే రాశారు. అంటే మా జిల్లా ప్లీడర్లకు కూడు పెట్టే కాగితాలేవీ అందులో లేవు. ఇక ఎవరు చదువుతారు?

చదువు చెప్పేవాళ్లలోనూ అప్పటికే ఒక గొడవ నడుస్తోంది. 1996లో చికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సదస్సులో ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ అనే అమెరికన్ జడ్జి, అసలు ఇంటర్నెట్ లా అనే సబ్జెక్టే అక్కర్లేదన్నారు. గుర్రాల అమ్మకం, గుర్రం తన్నిన కేసులు, గుర్రప్పందేలు అన్నీ ఒకచోట కుట్టేసి 'గుర్రాల చట్టం' అని పాఠం చెబుతామా అని ఆయన వాదన. మన భాషలో చెప్పాలంటే, నారాయణవలస సంతలో ఎద్దును కొంటే అది కాంట్రాక్టు, ఆ ఎద్దు పొడిస్తే నష్టపరిహారం, ఎవడైనా తోలుకుపోతే దొంగతనం. ఎద్దుల చట్టమని వేరే ఎందుకు? దీనికి అమెరికన్ లా ప్రొఫెసర్ లారెన్స్ లెసిగ్ 1999లో జవాబిచ్చారు. ఇంటర్నెట్లో మనుషుల్ని కట్టడి చేసేది చట్టం ఒక్కటే కాదు, సాఫ్ట్‌వేర్ కోడ్ కూడా చేస్తుంది, అది మిగతా చోట్ల లేని సంగతి అని. నా మటుకు నాకు ఇద్దరిదీ సగం సగం నిజమే అనిపిస్తుంది. జిల్లా కోర్టులో పని చేసేవాడికి మాత్రం ఈస్టర్‌బ్రూకే ఎక్కువ అక్కరకొస్తాడు. కాంట్రాక్టు చట్టం, సాక్ష్య చట్టం రానివాడికి సైబర్ లా డిప్లొమా ఎన్ని ఉన్నా వాదన రాదు.

కోడ్ ఎలా కట్టేస్తుందో మన హైకోర్టు ముందుకే వచ్చింది. 2003 ప్రాంతంలో రిలయన్స్ వాళ్లు పదివేల పైచిలుకు ఖరీదు చేసే ఫోన్లను మొదట 3,350 రూపాయలు కట్టించుకుని ఇచ్చేవాళ్లు. ఆ ఫోను వాళ్ల నెట్‌వర్కులో తప్ప పనిచేయకుండా లోపల తాళం ఉండేది. ఆ తాళం తీసి కస్టమర్లను తమవైపు తిప్పుకున్నారని టాటా ఇండికామ్ ఉద్యోగుల మీద కేసు పెట్టారు. దాన్ని కొట్టేయాలన్న పిటిషన్ల మీద 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. సయ్యద్ అసిఫుద్దీన్ కేసు అంటారు. సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం ప్రకారం కంప్యూటరేనని, కంప్యూటర్ కోడ్‌ను మార్చడం గురించిన 65వ సెక్షన్ కింద ఆరోపణలు విచారణలో తేలాల్సినవేనని కోర్టు చెప్పింది. ఇప్పటికీ దేశమంతా పీజీ తరగతుల్లో చెప్పే తీర్పు ఇది. తెలుగు రాష్ట్రంలో పుట్టిన ఈ కేసు పేరు తెలుగు జూనియర్లలో చాలామందికి తెలియదు.

2008లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2009 అక్టోబరు 27 నుంచి అమలు. అందరూ 66ఏ గురించి మాట్లాడతారు గానీ, జిల్లాలను నిజంగా కదిలించింది 78వ సెక్షన్‌లో ఒక్క పదం మారడం. అంతకుముందు ఐటీ చట్టం కేసును డీఎస్పీ స్థాయికి తగ్గనివాళ్లే దర్యాప్తు చేయాలి. సవరణతో ఇన్‌స్పెక్టరు చేయొచ్చన్నారు. అలా కేసు సబ్‌డివిజన్ ఆఫీసు నుంచి పలాస, టెక్కలి, రాజాంలలో సీఐ టేబుల్ మీదికి దిగింది. ఎస్ఐ మాత్రం ఇప్పటికీ చేయకూడదు. ఈ చిన్న విషయం మీద డిఫెన్స్ వాదనలు నడుస్తూనే ఉంటాయి.

66ఏ కథ కొంత తెలిసిందే. చిరాకు కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల దాకా జైలు. 2013 మేలో మన చీరాల పోలీసులు ఫేస్‌బుక్ పోస్టుల మీద ఒకరిని అరెస్టు చేస్తే, అదే నెలలో సుప్రీంకోర్టు, పై అధికారుల అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు కూడదంది. 2015 మార్చి 24న ఆ సెక్షన్నే కొట్టేసింది. పిటిషన్ వేసిన శ్రేయా సింఘాల్ అప్పటికింకా లాయరు కాదు. బెంచిలోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ చలమేశ్వర్, ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివిన మనిషి. కొట్టేసిన తర్వాత కూడా ఆ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్‌లు కట్టారు. 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

నష్టపరిహారం దారి ఇంకా విచిత్రం. ఐదు కోట్ల లోపు క్లెయిములు వినాల్సింది సివిల్ కోర్టు కాదు, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. ఇచ్ఛాపురంలో డబ్బు పోయినవాడు రాజధానికి రాసుకోవాలి. అప్పీలు వినే సైబర్ ట్రిబ్యునల్‌కు 2011 నుంచి ఛైర్మనే లేడు. 2017లో దాన్ని టెలికాం ట్రిబ్యునల్‌లో కలిపేశారు.

ఇక చదువు సంగతి. ఆంధ్రా యూనివర్సిటీలో లా పీజీని చాలాకాలం ఎం.ఎల్. అనేవాళ్లు. రాజ్యాంగం, నేరాలు, కార్మిక చట్టాలు, ఇవే దానికి వెన్నెముక. అంతకుమించి చదవాలంటే మా తరం వాళ్లకు కనిపించింది హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ దూరవిద్యలో ఇచ్చే సైబర్ లా పీజీ డిప్లొమా. 2008లో రెండు మార్పులొచ్చాయి. ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. విశాఖ పక్కన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, ఇప్పుడు సబ్బవరంలో ఉంది. అక్కడ చేరాలంటే క్లాట్, మిగతా చోట్లకు పీజీఎల్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. 2013లో యూజీసీ ఏడాది ఎల్‌ఎల్‌ఎం తెచ్చింది. 2021 జనవరిలో బార్ కౌన్సిల్ దాన్ని రద్దు చేస్తూ రూల్స్ నోటిఫై చేసింది, గొడవ సుప్రీంకోర్టుకెక్కింది, ఆ ఏడాదికి అమలు చేయబోమని కౌన్సిలే చెప్పింది. మధ్యలో విద్యార్థులకు టెన్షన్ మిగిలింది.

సిలబస్‌దీ చట్టాల వెంట పరుగే. 2017లో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది తేల్చారు, 2023లో డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని రూల్స్. మేము చదివిన నోట్సు జూనియర్‌కివ్వాలంటే సిగ్గేస్తుంది.

కంబోడియా వ్యవహారం వీటన్నిటికన్నా దగ్గరగా తగిలింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను అక్కడ బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఫోన్ చేసినవాడు మన పక్క ఊరివాడు, కూర్చున్నది కంబోడియాలో, డబ్బు పోయింది ఇక్కడ. భారత్‌లోని కంప్యూటరుకు సంబంధముంటే విదేశంలో చేసిన నేరానికీ చట్టం వర్తిస్తుందని 75వ సెక్షన్ అంటుంది. సైబర్ నేరాల మీద 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో మాత్రం మన దేశం లేదు. అవతలి దేశం నుంచి సాక్ష్యం తేవడం అంత తేలిక కాదు. బలవంతంగా ఫోన్ చేసినవాడు ముద్దాయా, బాధితుడా?

సాక్ష్యం దగ్గరే మా కేసులు ఎక్కువగా తేలిపోతాయి. సీడీ, స్క్రీన్‌షాట్, కాల్ రికార్డు పెట్టాలంటే పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలా వద్దా అన్నదాని మీద సుప్రీంకోర్టుది 2005లో ఒక మాట, 2014లో ఇంకో మాట, 2020లో కావాల్సిందేనని గట్టి మాట. 2024 జులై 1 నుంచి అది కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ అయింది. సర్టిఫికెట్ రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది, హ్యాష్ విలువతో సహా, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్రతో.

మొన్న మా జూనియర్ పీజీఎల్‌సెట్‌కి దరఖాస్తు పెట్టుకుంది. సీటొస్తే డిసర్టేషన్ దేనిమీద అని అడిగాను. "ఆ రెండో భాగం మీదే సార్. టెక్కలిలో కేసైతే, ఆ నిపుణుడు ఎవరు?" అంది.