“కంపెనీ డబ్బే కదా అక్కా!” - విరాళాల మీద అపోహలు, వాస్తవాలు

న్యూజెర్సీలో టాక్స్ రిటర్నులు చేయడం మొదలుపెట్టి పదహారేళ్ళయింది. ఫిబ్రవరి వచ్చిందంటే విరాళాల మీద అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. ఈసారి రాసి పెడుతున్నాను, అడిగినవాళ్ళకు ఇదే పంపుతాను.

అపోహ: మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చిన విరాళానికి జతగా కంపెనీ కూడా సంస్థకు ఇచ్చే సొమ్ము) కంపెనీ డబ్బు. మన వాటా మనం వెనక్కి తీసుకుంటే ఎవరికి నష్టం?

అన్నిటికన్నా ఎక్కువ కొంపలు ముంచేది ఇదే.

ఆమధ్య ఒక కుర్రాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. రెండేళ్ళ క్రితం ఎవరింట్లోనో పూజకు వెళితే ఒక పెద్దాయన కలిశారట. “మా సంస్థకు వెయ్యి డాలర్లు చెక్కు రాయి బాబూ. రసీదు ఇస్తాం, నీ కంపెనీ పోర్టల్లో పెట్టు. మ్యాచింగ్ వెయ్యి మాకు వస్తుంది, నీ వెయ్యి రెండు నెలల్లో నీకు వచ్చేస్తుంది. సేవకు సేవ, నీకు పైసా ఖర్చు లేదు” అన్నారట. వీడు రాశాడు. డబ్బు నిజంగానే వెనక్కి వచ్చింది. పైగా ఆ వెయ్యిని టాక్స్ రిటర్నులో డిడక్షన్‌గా (పన్ను పడే ఆదాయంలోంచి తీసేసే మొత్తంగా) కూడా చూపించాడు. ఇప్పుడు ఆఫీసులో ఆడిట్ అంటున్నారు. “అందరూ చేస్తున్నారనుకున్నాను అక్కా, కంపెనీ డబ్బే కదా!” అని ఏడుపు.

లెక్క చూడండి. వెనక్కి వచ్చిన డబ్బు విరాళం కాదు. అంటే వీడు ఇచ్చింది సున్నా. సున్నాకు కంపెనీ వెయ్యి జత కలిపింది, అది మోసం. సున్నాకు డిడక్షన్ తీసుకున్నాడు, అది ఇంకో మోసం. 250 డాలర్లు, ఆపైన ఇచ్చే ఏ విరాళానికైనా డిడక్షన్ కావాలంటే, బదులుగా దాతకు ఏమైనా ఇచ్చారా లేదా అన్నది సంస్థ రాతపూర్వకంగా చెప్పి తీరాలి. “బదులుగా ఏమీ ఇవ్వలేదు” అనే ఆ ఒక్క వాక్యం కిందే అందరూ దొరికిపోతారు. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో వచ్చిన డబ్బు కనిపిస్తుంది, రసీదులో అబద్ధం కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇది ఊరికే బెదిరింపు కాదు. 2024 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ ప్రాసిక్యూటర్లు ఇలాంటి ఆరోపణల మీదే ఒక టెక్ కంపెనీ మాజీ ఉద్యోగులు ఆరుగురిపై క్రిమినల్ కేసు పెట్టారు. 2025లో ఇదే కారణంతో పెద్ద సంస్థల్లో ఉద్యోగాలు పోయాయనీ, అందులో మనవాళ్ళూ ఉన్నారనీ వార్తలు వచ్చాయి. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం వదలడానికో మహా అయితే 60 రోజుల గడువు. వెయ్యి డాలర్ల కోసం ఇల్లు, పిల్లల బడి, గ్రీన్‌కార్డు క్యూ అన్నీ పణంగా పెట్టినట్టు. ఆ వెయ్యి కూడా తన జేబులోకి కొత్తగా వచ్చింది కాదు, తన డబ్బే తనకు వచ్చింది!

చెయ్యని వాలంటీర్ గంటలు పోర్టల్లో రాసుకోవడం కూడా ఇదే కోవ. కొన్ని కంపెనీలు గంటకింత చొప్పున సంస్థకు డబ్బిస్తాయి. మీరు రాసిన గంటలు మీరు పనిచేశారని నమ్మే ఇస్తాయి.

ఇప్పటికే ఇలా చేసి నిద్ర పట్టనివాళ్ళకు ఒక మాట. వాట్సాప్ గ్రూపులో అడగకండి. అక్కడ “ఏం కాదు బ్రో” అనేవాడూ, “జైలే” అనేవాడూ ఇద్దరూ గాలి కబుర్లే చెబుతారు. నాలాంటివాళ్ళకు కూడా కథంతా చెప్పకండి. క్రిమినల్ కేసు దాకా వెళితే టాక్స్ ప్రిపేరర్‌తో మాట్లాడిన మాటలకు లాయరుతో మాట్లాడినప్పుడు ఉండే రక్షణ ఉండదు. ముందు లాయరు, తర్వాత ఆయన చెబితే 1040ఎక్స్, అంటే సరిదిద్దిన రిటర్ను. ఆ కుర్రాడికీ అర్ధరాత్రి ఇదే చెప్పి, మంచినీళ్ళు తాగి పడుకోమన్నాను.

అపోహ: అమెరికాలో ఎవరూ ఊరికే ఇవ్వరు, అంతా టాక్స్ కోసమే.

కాదు. ఏ రసీదులూ చూపకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 2025కి దంపతులకు 31,500 డాలర్లు. ఐటమైజ్ చేసినా (ఒక్కో ఖర్చూ విడివిడిగా చూపినా) అంతకు దాటనివాళ్ళకు ఆ ఏడాది ఇచ్చిన విరాళం మీద ఫెడరల్ టాక్స్‌లో దక్కేది శూన్యం. దాటినా, 24 శాతం బ్రాకెట్‌లో వెయ్యి ఇస్తే టాక్స్‌లో మిగిలేది మహా అయితే 240. మిగతా 760 చేతి నుంచి పోయినట్టే. 2026 నుంచి ఐటమైజ్ చేయకపోయినా నగదు విరాళాలకు ఒక్కరికి 1,000, జంటకు 2,000 దాకా డిడక్షన్ ఉంది. అంతే.

బిలియనీర్లే ఇస్తారన్నదీ సగం మాటే. ఏటా విరాళాలు లెక్కగట్టే గివింగ్ యూఎస్‌ఏ నివేదిక ప్రకారం 2024లో అమెరికాలో మొత్తం విరాళాలు 592.5 బిలియన్ డాలర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు వ్యక్తులు ఇచ్చినవే, కంపెనీలవి ఏడు శాతం. ఇక రసీదు లేనివి ఏ లెక్కలోకీ రావు. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు మాకు తొమ్మిది రోజులు కరెంటు లేదు. బాబు పాలసీసాలన్నీ ఫ్రిజ్‌లో ఉన్నాయి. పక్కింటి ముసలాయనతో అప్పటికి హలో తప్ప మాటల్లేవు. ఆయనే రెండో రోజు పొద్దున తన జనరేటర్ నుంచి నారింజ రంగు తీగ కంచె మీదుగా లాగి, మా వంటింటి కిటికీలోంచి లోపలికి అందించాడు. పెట్రోలుకు డబ్బిస్తే తీసుకోలేదు. “పచ్చడి ఉందా?” అని అడిగాడు. ఎప్పుడో మా అత్తగారు ఇచ్చిన నిమ్మకాయ పచ్చడి గుర్తుంది మరి!

మిగిలినవి గబగబా

మన ఊరి గుడికో బడికో నేరుగా పంపిన డబ్బు పుణ్యమే, డిడక్షన్ కాదు. ఇక్కడ 501(సి)(3)గా, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా, నమోదైనదానికి ఇస్తేనే లెక్క. ప్రమాదంలో పోయిన విద్యార్థి భౌతికకాయాన్ని ఇంటికి పంపడానికి గోఫండ్‌మీలో ఇచ్చినదీ ఒక కుటుంబానికి ఇచ్చిన కానుకే. నేనూ ఇస్తాను, రిటర్నులో రాయను. గాలా (విరాళాల కోసం పెట్టే విందు) టికెట్ 300 డాలర్లు అయితే, అందులో భోజనం విలువ తీసేశాకే మిగిలింది విరాళం. పాత సామాను తీసుకుని అమ్మే సేవాసంస్థ గుడ్‌విల్‌లో పడేసిన సూటుకు మీరు కొన్న ధర వేయకండి, ఆ షాపులో ఇవాళ ఎంతకు పోతుందో అదే దాని విలువ. మీ సమయానికి విలువ కట్టి డిడక్షన్ తీసుకోవడం కుదరదు. సేవ కోసం కారు నడిపితే మైలుకు 14 సెంట్లు వేసుకోవచ్చు.

ఆ కుర్రాడు ఏప్రిల్లో మళ్ళీ ఫోన్ చేశాడు. లాయరు సలహా మీద రిటర్ను సరిదిద్దుకున్నాడు. ఆఫీసులో విషయం ఇంకా తేలలేదు. ఈసారి ప్రశ్న వేరు. శనివారాలు దగ్గర్లోని ఫుడ్ ప్యాంట్రీకి (లేనివాళ్ళకు ఉచితంగా సరుకులిచ్చే చోటుకు) వెళ్ళి పెట్టెలు సర్దుతున్నాడట, ఆ గంటలు పోర్టల్లో రాయాలంటే చెయ్యి రావడం లేదట.

“నిజంగా వెళ్ళావా?”

“వెళ్ళానక్కా, మూడు గంటలు. నడుం పట్టేసింది.”

“అయితే మూడు అనే రాయి. నాలుగు రాయకు.”