కొండల్లో రైలు దారి, నది, ట్రెయిల్: నేను తరచూ వినే అపోహలు

అమెరికాలో అపలాచియన్ కొండల్లో పాత పట్టాలు పీకేసిన చోట నడకకి, సైకిళ్ళకి వేసిన దారుల (ట్రెయిల్స్) మీద తూములు, వంతెనలు, టన్నెల్స్ చూసుకునే పని నాది. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ళ గ్రేట్ అలెఘెనీ ప్యాసేజ్ మీద సైకిల్ వేసుకుని వెళ్దామనుకునే మనవాళ్ళు అడిగేవి చాలావరకు ఇవే, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: కొండల్లో ట్రెయిల్ అంటే మోకాళ్ళు అరిగిపోతాయి.

లేదండీ. ఆవిరి ఇంజన్‌కి ఎత్తు ఎక్కడమంటే చావొచ్చినంత పని, ఇనుప చక్రం ఇనుప పట్టా మీద ఇట్టే జారిపోతుంది కదా, అందుకే అప్పటి ఇంజనీర్లు నదుల పక్కనే లైన్ వేసుకుంటూ పోయారు. నీరు పల్లమెరుగు అంటారు చూడండి, ఆ పల్లం వెతికే పని క్యాసిల్‌మన్, యాకగేనీ నదులు ఎప్పుడో చేసిపెట్టాయి. ఈ ట్రెయిల్‌లో ఎత్తైన చోటు 2,392 అడుగులు. కంబర్లాండ్ నుంచి అక్కడికి దాదాపు 24 మైళ్ళలో 1,750 అడుగులు ఎక్కుతారు, అంటే వంద అడుగులకి అడుగున్నర కూడా లేదు. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే ఎక్కుతున్నట్టే తెలీదు, ఆఖరి 24 మైళ్ళు తొక్కకుండానే దిగిపోతారు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. వెస్ట్ వర్జీనియాలో క్యాస్ లాంటి, కలప మోసే రైలు లైన్ల సంగతి వేరు, అక్కడ వందకి 11 అడుగుల ఎక్కుడు కూడా ఉంది, దానికోసం గేర్లు పెట్టిన షే ఇంజన్లు వాడారు.

అపోహ: ఉత్తరానికి పారే నది ఏదో వింత.

ఇక్కడ యాకగేనీ, మొనాంగహేలా, న్యూ రివర్ మూడూ ఉత్తరానికే పోతాయి. నదికి మ్యాప్‌తో పనేంటి? ఆ 2,392 అడుగుల గట్టుకి కంబర్లాండ్ వైపు పడిన వాన పొటోమాక్ నదిలో కలిసి అట్లాంటిక్‌కి పోతే, పిట్స్‌బర్గ్ వైపు పడింది ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి పోతుంది.

అపోహ: ట్రెయిల్ అయిందంటే రైల్వే చచ్చినట్టే.

అమెరికా జాతీయ ట్రెయిల్స్ చట్టానికి 1983లో వచ్చిన సవరణ ప్రకారం, వాడకం ఆపేసిన లైన్‌ని ట్రెయిల్‌గా వాడుతూ రేపు అవసరమైతే మళ్ళీ పట్టాలు వేసుకునేలా దాచిపెట్టొచ్చు, దాన్నే రైల్ బ్యాంకింగ్ అంటారు. అన్ని ట్రెయిల్సూ అలా వచ్చినవి కావులెండి. అసలు యాకగేనీకి అవతలి ఒడ్డున సీఎస్‌ఎక్స్ అనే రైల్వే కంపెనీ గూడ్స్ బళ్ళు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, టెంట్ వేసుకుని పడుకుంటే అర్ధరాత్రి కూతకి ఉలిక్కిపడి లేస్తారు.

అపోహ: పాత వంతెనలు బరువుకి కూలతాయి.

పెన్సిల్వేనియాలో కింజువా వంతెన 301 అడుగుల ఎత్తు. 1882లో కట్టి 1900లో స్టీల్‌తో మళ్ళీ కట్టారు. 2003 జూలై 21న టోర్నడో వచ్చి 20 టవర్లలో 11 పడగొట్టింది, అప్పుడు దాని మీద ఒక్క బండి కూడా లేదు. చూస్తే అడుగున టవర్లని పునాదికి పట్టి ఉంచే పాత బోల్టులు తుప్పు పట్టిపోయి ఉన్నాయి. మా పనిలో శత్రువు బరువు కాదు, నీళ్ళు. నది పొంగడం గురించి అందరూ మాట్లాడతారు, నన్ను మాత్రం ఆకులతో పూడుకుపోయిన రెండడుగుల తూమే ఎక్కువ భయపెడుతుంది, నీళ్ళు అటు పోలేక కట్ట మీదికెక్కి ఒక్క రాత్రిలో దాన్ని కోసేస్తాయి. అలాగని పెద్ద వరదని తీసిపారేయట్లేదు, 2024లో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు వర్జీనియా క్రీపర్ ట్రెయిల్ పై సగంలో వంతెనలకి వంతెనలే కొట్టుకుపోయాయి.

అపోహ: నీళ్ళు తేటగా ఉంటే మంచివే.

పాత బొగ్గు గనుల నుంచి వచ్చే నీళ్ళలో ఆమ్లం బాగా ఉంటే ఇనుము కరిగిపోయి కంటికి కనబడదు, ఆమ్లం తగ్గాకే నారింజ రంగు మడ్డిగా దిగుతుంది. అద్దంలా ఉన్న వాగులో ఒక్క చేప లేకపోతే అనుమానించండి, బాటిల్ మాత్రం నింపుకోవద్దు.

అపోహ: ట్రెయిల్ ఏడాదంతా తెరిచే ఉంటుంది.

గ్రేట్ అలెఘెనీ ప్యాసేజ్ మీద ఉన్న 3,294 అడుగుల పొడవు బిగ్ శావేజ్ టన్నెల్‌కి చలికాలం తలుపులు వేసేస్తాం. లోపల ఊరే నీళ్ళు గడ్డకడితే ఉబ్బి గోడని పగలగొడతాయి, చల్లగాలి లోపలికి పోకుండా ఆ తలుపులు. దాదాపు డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మొదటి దాకా మూసే ఉంటుంది, చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రోడ్డే గతి, మోకాళ్ళు అరిగేది అక్కడ.